కొసరివ్వని సింహాచలం

సింహాచలం అన్నయ్య కొసరు ఇవ్వడు. ఇది నేను కోపంతో చెబుతున్న మాట కాదు. అబద్ధమెందుకు, కోపంతోనే చెబుతున్నాను. మా ఒరియా కొండల్లోని సునాబెడ బజారులో కోట్ని సింహాచలం కిరాణా కొట్టులో ఇరవై ఏళ్లు సరుకులు కొన్నాను నేను. ఇరవై ఏళ్లలో ఒక్క ఎండుమిరపకాయ, ఒక్క కరివేపాకు రెబ్బ, చివరికి ఒక్క ఆవగింజ పైన వేసిన పాపాన పోలేదు ఆ మనిషి.

నా పేరు ప్రేమలీల. కొరాపుట్ ఆస్పత్రిలో నర్సుని. మా ఆయన ఆదాము కకిరిగుమ్మ బడిలో మాస్టారు, శనివారం రైలుకి వచ్చి సోమవారం రైలుకి పోయే మనిషి. కాబట్టి సరుకులూ నావే, తగువులూ నావే. కాపురానికి వచ్చిన కొత్తలో మొదటిసారి ఆ కొట్టుకి వెళ్లి కేజీ సెనగపప్పు తూయించుకున్నాను. తక్కెడ ముల్లు నడిమికి రావడానికి ఆయన ఒక్కో బద్దా తీస్తూ, వేస్తూ, మళ్లీ తీస్తూ ఉంటే నా వెనకాల బస్సు కూడా వెళ్లిపోయింది. పొట్లం కట్టాక అలవాటు చొప్పున చెయ్యి చాచాను.

"అన్నయ్యా, కొసరు?"

"ఏటి కొసరు?" ఆయన కళ్లద్దాలు ముక్కు మీదకి జారాయి. "ముల్లు నడిమికి వొచ్చినాదా లేదా, సిస్టరమ్మా?"

"వచ్చింది."

"కేజీ అడిగేవు, కేజీ ఇచ్చేను. నాను నీకేటైనా తక్కువ సేసేనా?"

"లేదు."

"మరెందుకమ్మా కొసరు? కొసరిచ్చేవోడెవడో తెల్సా? ముందు తూకంలో గుప్పెడు నొక్కేసినోడు! గుప్పెడు నొక్కేసి సిటికెడు మొహాన్న కొడతాడు. మీరేమో ఆడ్ని మంచోడంటారు!"

కొట్టు ముందు పదిమంది ఉన్నారు. నేను అడిగింది చిటికెడు పప్పు. ఆయన చూసిన చూపుకి నేనేదో గల్లాపెట్టె పట్టుకుని పారిపోతున్నదాన్ని అనిపించింది. ఇక ఈ కొట్టు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని ఇంటికొచ్చి, ఒళ్లు మండి, పప్పు మళ్లీ తూచాను. సరిగ్గా కేజీ ఉంది. ఏం చేస్తాం, వారం తిరిగేసరికి మళ్లీ అక్కడికే వెళ్లాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఇవ్వడు, పుచ్చుకోడు కూడా. సంతకి కొండల మీంచి ఆడవాళ్లు అల్లం, పసుపు దించితే మిగతా షావుకార్లు తూకం అయ్యాక గుప్పెళ్లకి గుప్పెళ్లు పైన లాక్కుంటారు. అది చూస్తే ఈయనకి పూనకమే. "ఒదల్రా! ఆ అల్లం ముక్క ఒదల్రా! నీ బాబు పండించేడేటి?" అని సంత మధ్యలో నిలబడి అరుస్తాడు. అందుకని షావుకార్లలో ఒక్కడికీ ఈయనంటే పడదు.

ఆయన కూతురు లక్ష్మీదుర్గ పెళ్లికి పూలమ్మి అమ్మన్నమ్మ మల్లెలు తెచ్చింది. పూలు మూరల్లెక్కన కొలుస్తారు కదా, అమ్మన్నమ్మేమో పొట్టి మనిషి. మోచెయ్యి నుంచి వేలి కొస దాకా చూసి సింహాచలం అన్నయ్య గుండె బాదుకున్నాడు. "ఇది మూరేటి? ఇది జానెడు!" అని పక్క వీధి నుంచి తాటిచెట్టంత పాపాయమ్మని పిలిపించి, ఆవిడ చేత్తో యాభై మూరలూ మళ్లీ కొలిపించాడు. అవతల ముహూర్తం మించిపోతోంది. పూలు మూడు మూరలు తగ్గాయి. ఆ మూడు మూరలూ కట్టేదాకా పెళ్లికూతురు గదిలోంచి బయటికి రాలేదు.

పోనీ కొట్టు విషయాల్లోనే ఇలా అనుకుంటే అదీ కాదు. ఒక క్రిస్మస్‌కి మర్యాద కొద్దీ దంపతులిద్దర్నీ మా చర్చికి పిలిచాను. పాస్టరు గారు "ఐదు నిమిషాలు మాట్లాడతాను" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు దాటించారు. నేను భయపడుతూనే ఉన్నాను. లేచాడండీ! గడియారం ఉన్న చెయ్యి పైకెత్తి, "అయ్యగారూ! ఐదు సెప్పి నలభై తూసేరు! ఇది కొసరు కాదేటండి?" అన్నాడు. ఆయన భార్య కమలాంబ వదిన చీర కొంగు మొహం మీదికి లాక్కుంది. నేను బల్ల కింద ఏమైనా చోటుందేమోనని చూశాను. పాస్టరు గారు మాత్రం వెంటనే ఆమెన్ అనేశారు. సంఘమంతా సింహాచలం అన్నయ్యని ప్రతి ఏడూ పిలవమని నా వెంటపడింది.

అలాంటి మనిషి మా మోనికా జీవితంలోకి ఎలా వచ్చి పడ్డాడో చెబుతాను.

మోనికా మా అమ్మాయి. ఇంట్లో గ్లాసెడు మంచినీళ్లు ముంచుకోదు కానీ, మా క్వార్టర్ల కాలనీ ఈతకొలనులో పడేస్తే చేప. సైకిలెక్కితే లారీలు పక్కకి తప్పుకోవాలి. జిల్లాలో పిల్లలకి ట్రయథ్లాన్ అని ఒక పోటీ పెట్టారు. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా. పెద్దవాళ్లది చాలా పొడుగట, ఇది కుదించింది. నాలుగు వందల మీటర్ల ఈత, పది కిలోమీటర్ల సైకిలు, రెండున్నర కిలోమీటర్ల పరుగు. మొదటి ఇద్దరికీ భువనేశ్వర్‌లో ఆటల హాస్టల్లో సీటు, చదువు కూడా వాళ్లదే. మోనికాకి ఇంక వేరే ఆలోచన లేదు. గోడ మీద క్యాలెండరు బదులు ఆ హాస్టలు ఫొటో అంటించుకుంది.

2003లో మొదటిసారి వెళ్లింది. ఈతలో ముందు, సైకిల్లో ముందు. పరుగులో చివరికొచ్చేసరికి, దూరంగా గమ్యం జెండాలు కనబడ్డాయో లేదో, కాళ్లు చచ్చుపడిపోయి రోడ్డు మీద కూలబడిపోయింది. ఇంకా పావు కిలోమీటరు ఉంది. అరటిపళ్లూ గ్లూకోజు పొట్లాలూ సరఫరా చేయడానికి వచ్చిన సింహాచలం అన్నయ్య అది కళ్లారా చూశాడు. నేను పిల్లని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే, ఆయన మా పక్కన నిలబడి ఓదారుస్తాడనుకున్నాను.

"రెండున్నర సెప్పి రెండుంపావు తూసినాది!" అన్నాడు. "ఇది అన్నాయం, సిస్టరమ్మా!"

మర్నాడు ఆయన మొహం చూడకూడదనుకున్నాను. ఆయనే పొద్దున్న ఐదున్నరకి వచ్చి మా క్వార్టరు తలుపు ధనధనా బాదాడు. మంకీ క్యాపు, చేతిలో గొడుగు, వెనకాల సైకిలు.

"అమ్మి ఏదీ?"

"నిద్రపోతోంది. ఎందుకు?"

"పావు తక్కువ తూసి పడుకున్నాదా? నాకు రాత్రంతా నిద్దర్లేదు! లేపు!"

"అన్నయ్యా, ఆటల గురించి నీకేం తెలుసు?"

"ఆటలు నాకేటి తెల్సమ్మా? కొలత తెల్సు."

అలా మొదలైంది. ఏడాది పాటు ఆ సైకిలు బెల్లుతోనే తెల్లవారింది మాకు. మంచు కురిసినా, వాన పడినా, మోనికా ముందు పరుగెడుతుంటే ఆయన గొడుగేసుకుని వెనకాల సైకిలు మీద తిట్టుకుంటూ వెళ్లేవాడు. ఈత సాధన చేయించే పద్ధతి మరీ ఘోరం. గట్టు మీద నిలబడి ధాన్యం కొలిచినట్టు కొలిచేవాడు. మా వైపు షావుకార్లు కొలత మొదలుపెడితే ఒకటి అనరు కదా, లాభం అంటారు. "లాభం! రెండూ! మూడూ!" అని కొలను దద్దరిల్లేలా అరుస్తుంటే ఒరియా పిల్లలు ఏం అమ్ముతున్నాడో చూద్దామని వచ్చేవాళ్లు.

2004 జూలైలో పరుగు దారి కూడా కొత్తగా ఆయనే కొలిచాడు. సైకిలు చక్రానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటూ కాలనీ గేటు నుంచి కాఫీ తోట మలుపు దాకా వెళ్లాడు. అక్కడ ఒక రాయికి సున్నం కొట్టి, "ఇదీ రెండున్నర" అన్నాడు. ఎవరు కాదంటారు? సింహాచలం కొలతకి ఎదురు చెప్పే మనిషి కొరాపుట్ జిల్లాలో లేడు.

"అమ్మీ, తలెత్తకు. జెండాలు సూస్తే నీకు కాళ్లు సచ్చిపోతాయి. అడుగులు లెక్కెట్టు. వందయ్యేక మళ్లీ లాభం నుంచి ఎత్తుకో. లెక్క పూర్తయ్యేదాకా దేవుడొచ్చి ఆపినా ఆగకు."

"ఎన్ని అడుగులు, మావయ్యా?"

రోజూ పరుగెత్తించి లెక్క తేల్చారు. ఇరవై ఐదు వందల అడుగులు. అది మా ఇంట్లో వేదవాక్కు అయిపోయింది. అన్నం తింటూ, జడ వేసుకుంటూ ఆ పిల్ల లాభం, రెండు, మూడు అంటూనే ఉండేది.

అంతా బాగానే ఉంది కానీ టైము చూస్తే నా గుండె జారిపోయేది. జయపురం పిల్ల బిందుశ్రీ రెండున్నర కిలోమీటర్లు పన్నెండు నిమిషాల్లో కొట్టేస్తోందని విన్నాం. మా పిల్ల ఎంత చచ్చీ చెడీ పరుగెత్తినా పదమూడున్నర. నాలుగు నెలలు. ఒక్క అర నిమిషం తగ్గలేదు. మోనికా దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేది. "అమ్మా, నాకు చేతకాదు, పేరు తీయించెయ్యి" అనేది. ఒకరోజు ఉండబట్టలేక ఆయన్ని అడిగేశాను.

"అన్నయ్యా, దూరం సరిగ్గానే కొలిచావా?"

ఇంక చూడాలి ఆ మనిషిని. మంకీ క్యాపు తీసి నేలకేసి కొట్టాడు. "నా కొలత మీదే అనుమానవా? ఇరవయ్యేళ్లలో నా తక్కెడ తప్పినాదని ఒక్కర్తో సెప్పించు! ఒక్కర్తో!" వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. అడిగినందుకు నాకే సిగ్గేసి లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

నవంబరులో పోటీ. డిసెంబరు మొదటివారంలో మోనికాకి పద్దెనిమిది నిండుతాయి. నిండితే ఆ పోటీకి పనికిరాదు. ఇదే ఆఖరు.

ఆ రోజు బంగాళాఖాతంలో వాయుగుండం, కొరాపుట్ కొండల మీద ముసురు. కొలాబ్ జలాశయం దగ్గర చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. నీళ్లలో దిగాల్సిన పిల్లలు తువ్వాళ్లు కప్పుకుని కోడిపిల్లల్లా ఒకళ్లనొకళ్లు కరుచుకుని నిలబడ్డారు. పోటీ నడిపే సంజయ్ కుమార్ మా చర్చి కుర్రాడే. టెంటు కింద టీ తాగుతూ మైకులో చెప్పాడు. "వర్షం మూలంగా పరుగు ఒకటిన్నర కిలోమీటర్లకి తగ్గిస్తున్నాం."

నేను మనసులో ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను. మా పిల్ల పడిపోయేది చివర్లోనే. ఆ చివరనే దేవుడు కత్తిరించేశాడు! ఆ ఆనందం నాకు ఒక్క నిమిషం కూడా దక్కలేదు.

"ఏటీ? ఒకటిన్నరా?"

గొడుగు ఊపుకుంటూ వెళ్లిపోతున్నాడు టెంటు వైపు. పరుగెత్తుకెళ్లి ఆయన స్వెట్టరు పట్టుకున్నాను.

"అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్కసారికి నోరు మూసుకో. తగ్గిస్తే మన పిల్లకే మంచిది!"

"కాయితం మీద రెండున్నర అని రాసేరు, సిస్టరమ్మా! సూపించినదొకటి, తూసేదొకటా?"

"పిల్ల బతుకు, అన్నయ్యా!"

"వొదులు!"

వెళ్లి టెంటు ముందు బురదలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండున్నరకి ఒక్క గజం తగ్గినా లేవనన్నాడు. సంజయ్ బతిమాలాడు. "పెద్దాయనా, పిల్లలకి జలుబు చేస్తుంది" అన్నాడు. "ఈతలో సెయ్యని జలుబు పరుగులో సేస్తాదేటి? టీ సల్లారిపోతాదని సెప్పు!" అని ఈయన. జనం నవ్వారు. సంజయ్‌కి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి విసిగిపోయి మైకు తీసుకుని, "సరే, రెండున్నరే" అని ప్రకటించాడు.

నేను ఇరవై ఏళ్లుగా ఎందరికో ఇంజక్షన్లు పొడిచాను. ఎవరికీ కావాలని నొప్పెట్టేలా పొడవలేదు. ఆ క్షణంలో ఆ మనిషి గనక నా వార్డులో ఉండుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. నా పిల్ల ఆశ మీద తక్కెడ పెట్టి కూర్చున్నాడు! పప్పు కాదిది! అంత కోపం నాకు జన్మలో రాలేదు.

ఈల మోగింది. రెండు డ్రమ్ముల మధ్య ఎనిమిది సార్లు ఈదాలి. వానలో "లాభం! రెండూ!" అని గట్టు మీద కేకలు. లెక్క రాసుకునే ఒరియా ఆయన కంగారుపడి, "కిస్‌కా లాభ్? కైసా లాభ్?" అని, ఎవరికి లాభమో చెప్పమని హిందీలో అడుగుతున్నాడు. నీళ్లలోంచి మోనికా రెండోదిగా బయటపడింది, పెదాలు నేరేడుపళ్లయిపోయాయి. సైకిల్లో గొలుసు ఊడింది. ఎక్కించుకుని వచ్చేసరికి మూడో స్థానం. ముందు బిందుశ్రీ, వెనకాల కస్తూరి అని ఇంకో పిల్ల, ఆ తర్వాత మాది.

కిందటేడు కూలబడిన చోటే, చివర పావు కిలోమీటరు దగ్గర, నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. పడిపోతే పట్టుకోవాలి కదా. మోనికా వచ్చింది. తల దించుకుని ఉంది, మొహం పాలిపోయి ఉంది, పెదాలు కదులుతున్నాయి. నన్ను చూడనైనా చూడలేదు. నా ముందు నుంచే వెళ్లిపోయింది. నేను రెయిన్‌కోటు ఎగ్గట్టి వెనకాల పరుగెత్తాను. జెండాలకి ఇంకా వంద గజాలుందనగా కస్తూరిని దాటేసింది! రెండోది! నా కూతురు రెండోది!

గీత దాటింది. ఆగలేదు.

జెండాలు దాటింది, టెంటు దాటింది, అరటిపళ్ల బండి దాటింది. జనం, "అయిపోయిందమ్మా! ఆగు!" అని అరుస్తున్నారు. వాలంటీర్లు తువ్వాళ్లు పట్టుకుని వెంటపడ్డారు. ఆ పిల్ల పావు కిలోమీటరు అవతలికి పోయి, ఒక నీలగిరి చెట్టు దగ్గర ఠక్కున ఆగి, బురదలో కూలబడింది. నేను చేరుకునేసరికి కోపంతో ఊగిపోతోంది.

"అమ్మా, దూరం తక్కువ పెట్టేరు! నేను గీత దగ్గరికొచ్చేసరికి ఇరవై రెండు వందల డెబ్భయ్యే అయింది. ఇంకా రెండు వందల ముప్పై అడుగులుండాలి! మోసం!"

"నోర్ముయ్యవే! రెండో స్థానం వచ్చింది!" అన్నాను.

వినదే! లేచి కుంటుకుంటూ సంజయ్ బల్ల దగ్గరికి వెళ్లి అదే మాట అంది. కస్తూరి వాళ్ల మాస్టారు అది అందుకున్నాడు. "చూశారా, ఆ పిల్లే చెబుతోంది! దారి తక్కువ! ఫలితాలు రద్దు చెయ్యండి!"

సంజయ్ తల పట్టుకున్నాడు. "సర్వే వాళ్లు గొలుసుతో కొలిచిన దారి ఇది. తక్కువని రుజువైతే రద్దు చేసి వచ్చే నెల మళ్లీ పెట్టాలి. పాపా, నువ్వు దేన్ని బట్టి తక్కువంటున్నావు?"

"సింహాచలం మావయ్య కొలిచేడు. మావయ్య కొలత తప్పదు."

అంతా తలలూపారు. నిజమే మరి, ఆయన కొలత తప్పదు. వచ్చే నెలకి మోనికాకి వయసు మీరిపోతుంది. నా పిల్ల గెలిచిన సీటుని నా పిల్లే చేజేతులా పారేసుకుంటోంది. అందరి కళ్లూ సింహాచలం అన్నయ్య మీద పడ్డాయి. ఆయనేమో గొడుగులో నీళ్లు విదిలిస్తున్నాడు. విదిలిస్తున్నాడు, విదిలిస్తున్నాడు, ఆ నీళ్లు అయిపోవే!

"ఈ దారి సరిగ్గానే ఉన్నాది," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ.

"అయితే పాప లెక్క ఎలా తప్పింది?" అన్నాడు సంజయ్.

"నా దారే... కొంచెం ఎక్కువ."

"ఎక్కువేంటి? మీరు ఎక్కువ కొలవరు కదా?"

"ఏటయ్యా, వానలో నిలబెట్టి ఊరందరి ముందూ అడుగుతావు?" అని ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. "సివరి పావులో కూలబడిపోతాది ఈ అమ్మి! ఏడాదంతా నా కళ్ల ముందే ఏడిసినాది! ఏటి సెయ్యమంటావు నన్ను? పావు పైనెట్టేను. కూలబడేదేదో ఆ పైదాంట్లో కూలబడతాదని... కొసరిచ్చేను! సాలా? కొసరిచ్చేను!"

టెంటు కింద కమలాంబ వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది. సింహాచలం కొసరిచ్చాడు! ఆ సునాబెడ, సెమిలిగూడ జనమంతా పిడుగు పడ్డట్టు చూస్తున్నారు. పరుగు తగ్గిస్తామంటే బురదలో ఎందుకు కూర్చున్నాడో నాకప్పుడు తెలిసింది. మా పిల్ల కాళ్లలో పావు మిగిలుందని ఆ ఒక్కడికే తెలుసు. పొట్టి పరుగైతే మిగతా పిల్లలు అలిసిపోరు, ఆ పావుకి పనే లేదు. అంత మంది ముందు ఆ మాట ఒప్పుకోవడం ఆయనకి ఎంత కష్టమో కూడా తెలిసింది. తెలిసి కూడా నా ఒళ్లు మండింది. నాలుగు నెలలు పిల్ల దిండు తడిపింది, నేను నిద్రలు మానేశాను, అడిగితే టోపీ నేలకేసి కొట్టాడు!

"అన్నయ్యా! ఇరవై ఏళ్లు నాకు ఒక్క ఆవగింజ ఇవ్వలేదు. దీనికి పావు కిలోమీటరు ఇచ్చావా?" అన్నాను.

"నీకేటమ్మా తక్కువైనాది?" అన్నాడు చిరాగ్గా. "నీ తూకం ఎప్పుడూ సరిపోయినాది. దానిదే సరిపోలేదు."

నేను నవ్వానో ఏడ్చానో వానలో ఎవరికీ తెలియలేదు. మోనికా బురద బురదగా వెళ్లి ఆయన్ని వాటేసుకుంది. ఆయన దాని నెత్తిన గొడుగు పట్టి, తాను వానలో తడుస్తూ, సంజయ్ మీదికి వేలు చూపించాడు.

"నవ్వుతావేటి, రాయి! సర్టిఫికెట్టు మీద రెండో స్థానం అని రాయి. ఇంకో మాట. పావు కొసరంటే పావే, రెండు వందల యాభై మీటర్లు. ఒక్క జానెడు ఎక్కువ లేదు. మూడుసార్లు కొలిసే ఇచ్చేను!"